గేమ్ ల్యాగ్ అవుతోందా? కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనేముందు ఇవి చూడండి

మా మేనల్లుడు విజయనగరంలో డిగ్రీ చదువుతున్నాడు. వాడి పీసీ 2015లో కొన్న అసెంబుల్డ్ మెషీన్: ఐ5-4460 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, 8 జీబీ డీడీఆర్3 ర్యామ్ ఒకే స్టిక్, 2 జీబీ జీటీఎక్స్ 750 టీఐ కార్డు, 1 టీబీ హార్డ్ డిస్క్. దసరా ముందు ఫోన్ చేసి, "మావయ్యా, పదిహేను వేలు కూడబెట్టాను. ఏ కార్డు కొనమంటావు?" అని అడిగాడు. ఇప్పుడే ఏదీ కొనొద్దని, నేను సిరిమాను ఉత్సవం చూడ్డానికి వచ్చినప్పుడు మెషీన్ విప్పి చూద్దామని చెప్పాను. ఆ రెండు రోజుల్లో తేలినవీ, అంతకుముందు శ్రీకాకుళంలో నా మెషీన్ మీదా తెలిసినవాళ్ల మెషీన్ల మీదా నేర్చుకున్నవీ కలిపి రాస్తున్నాను.

ఒక లెక్క మొదటి నుంచీ మనసులో పెట్టుకోండి. పదేళ్ల మెషీన్‌కి కొనే పార్టులు రెండు రకాలు. ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కన్నా వేగంగా పనిచేసే స్టోరేజ్), ఎస్ఎంపీఎస్ (పార్టులన్నిటికీ కరెంటు అందించే పెట్టె), గ్రాఫిక్స్ కార్డు రేపు కొత్త బోర్డు కొన్నా మన వెంట వస్తాయి. డీడీఆర్3 ర్యామ్, పాత సాకెట్ ప్రాసెసర్ ఆ బోర్డుతోనే పోతాయి. కొత్త వస్తువు కొంటే మొదటి రకమే కొనాలి. రెండో రకం తప్పనిసరైతే సెకండ్ హ్యాండ్‌లో, చవగ్గా దొరికితేనే.

విప్పక ముందు కొలవడం

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ పేజీ తెరిచి ఉంచి, మీకు ఇబ్బంది పెట్టే ఆటనే ఇరవై నిమిషాలు ఆడండి. సీపీయూ (ప్రాసెసర్), మెమరీ (ర్యామ్), డిస్క్, జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు చిప్): ఈ నాలుగింటిలో ఏది పైకి అంటుకుపోయి ఉందో కాగితం మీద రాసుకోండి. సీపీయూ గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి ఒక్కో కోర్ (ప్రాసెసర్‌లో పనిచేసే భాగం) విడివిడిగా కనిపించేలా మార్చుకోవాలి. మొత్తం 60 శాతమే అని చూపిస్తున్నా ఒక కోర్ పూర్తిగా నిండిపోయి, ఆట దానికోసమే ఆగుతూ ఉండొచ్చు. వేడి చూడాలంటే హెచ్‌డబ్ల్యూఇన్ఫో, ఆట మీదే ఎఫ్‌పీఎస్ (సెకనుకి తయారయ్యే బొమ్మల సంఖ్య) కనిపించాలంటే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ వేసుకోండి. రెండూ ఉచితమే.

పైసా ఖర్చు లేని రెండు తప్పులు ఇక్కడే పట్టుకోవచ్చు. మానిటర్ కేబుల్ కార్డుకి కాకుండా బోర్డు వెనుక ఉన్న పోర్టుకి పెట్టి ఉంటే కార్డు ఉన్నా లేనట్టే. 144 హెర్ట్జ్ (సెకనుకి 144 బొమ్మలు చూపించే) మానిటర్ కొని, విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో 60 దగ్గరే వదిలేసినవాళ్లు కూడా ఉన్నారు.

ఎఫ్‌పీఎస్ ఎప్పుడు చూసినా తక్కువే

కారణం కార్డు కావచ్చు, ప్రాసెసర్ కావచ్చు. తేల్చుకోవడం సులువు. అదే ఆటను 1080పీ రిజల్యూషన్ నుంచి 720పీకి దించి ఆడండి. ఎఫ్‌పీఎస్ బాగా పెరిగితే కార్డుకే ఓపిక లేదని అర్థం. పెరగకపోతే ఆపుతున్నది ప్రాసెసర్.

మావాడి మెషీన్లో రెండు ఆటలకు రెండు జవాబులొచ్చాయి. జీటీఏ 5 హై సెట్టింగుల్లో 40 దాటడం లేదు, 720పీకి దించగానే 60 దాటింది. అది కార్డు సమస్య. వాలొరెంట్‌లో ఎంత దించినా 110, 120 మధ్యే ఆడింది. అక్కడ ఆపుతున్నది నాలుగు కోర్ల ఐ5. అలాగని ప్రాసెసర్ మార్చాలా? అక్కర్లేదు. వాడి మానిటర్ 60 హెర్ట్జ్‌ది. సెకనుకి 60 బొమ్మలు మాత్రమే చూపించే తెర ముందు 120ని 160 చేయడానికి డబ్బు పోయడం వృథా. ఈ మాట చెప్పాక వాడు కొనాలనుకున్న జాబితాలోంచి ఐ7 పేరు తనే కొట్టేశాడు.

నిజంగా ప్రాసెసరే అడ్డమైతే, నాలుగో తరం ఇంటెల్ బోర్డు మీద ఐ7-4770 లేదా 4790 వరకు వెళ్లొచ్చు. కోర్లు నాలుగే అయినా థ్రెడ్లు (ఒకేసారి పని నడిచే దారులు) ఎనిమిది. 4790కి కొన్ని హెచ్81 బోర్డుల్లో ముందు బయాస్ (ఆన్ చేయగానే బోర్డులో మొదట నడిచే ప్రోగ్రాం) అప్‌డేట్ చేయాలి. మీది ఏఎండీ రైజెన్ మెషీనైతే అదృష్టవంతులు. బీ450 బోర్డు మీద రైజెన్ 5 2600 వాడుతున్నవాళ్లు అదే బోర్డు మీద ఆరు కోర్ల రైజెన్ 5 5600 పెట్టుకోవచ్చు. పాత చిప్ ఉండగానే బయాస్ అప్‌డేట్ చేసి, ఆ తర్వాతే దాన్ని తీయండి. ముందే తీసేస్తే కొత్త చిప్‌ని బోర్డు గుర్తుపట్టదు, తెర నల్లగా ఉండిపోతుంది.

కార్డు విషయానికొస్తే, పాత బోర్డువాళ్లు ఆర్ఎక్స్ 6400, 6500 ఎక్స్‌టీ జోలికి వెళ్లొద్దు. వాటికి పీసీఐ లేన్లు (కార్డుకీ బోర్డుకీ మధ్య డేటా నడిచే దారులు) నాలుగే. పీసీఐ 4.0 ఉన్న కొత్త బోర్డుల్లో నెగ్గుకొస్తాయి గానీ, హెచ్81 ఇచ్చేది పీసీఐ 2.0. ఆ ఇరుకు దారిలో కార్డు సగం ఊపిరితో పనిచేస్తుంది. జీటీఎక్స్ 1660 సూపర్‌కి పదహారు లేన్లూ ఉన్నాయి, 6 జీబీ మెమరీ ఉంది, 125 వాట్లే తింటుంది. ఇలాంటి బోర్డుకి నా ఓటు దానికే. కొనేముందు స్కేలు పెట్టి క్యాబినెట్ లోపలి పొడవు కొలవండి. హార్డ్ డిస్క్ పెట్టె అడ్డొచ్చి కార్డు దూరని క్యాబినెట్లు చాలా ఉన్నాయి.

సగటు బాగానే ఉంది, కానీ ఆట తడబడుతోంది

మెమరీ 95 శాతం దాటిందా? ర్యామ్ చాలడం లేదు. డిస్క్ 100 శాతం దగ్గర నిలబడిపోయిందా? హార్డ్ డిస్క్ అందించలేకపోతోంది. తరచూ రెండూ కలిసే వస్తాయి, ఎందుకంటే ర్యామ్ నిండిపోగానే విండోస్ డిస్క్‌ని ర్యామ్‌గా వాడుకుంటుంది.

ర్యామ్ ఒకే స్టిక్ ఉంటే అలాంటిదే రెండోది పక్కన పెట్టండి. సైజు పెరగడమే కాదు, రెండు దారుల్లో డేటా నడుస్తుంది కాబట్టి ప్రాసెసర్ మీద ఆధారపడే ఆటల్లో తడబాటు బాగా తగ్గుతుంది. డీడీఆర్3 స్లాటులో డీడీఆర్4 దూరదు, గాడి వేరే చోట ఉంటుంది. షాపుకి వెళ్లేటప్పుడు పాత స్టిక్ తీసి జేబులో పెట్టుకు వెళ్తే పొరపాటుండదు. ఎస్ఎస్‌డీ అయితే హెచ్81 బోర్డుల్లో చాలావాటికి ఎం.2 స్లాటు (ఎస్ఎస్‌డీని నేరుగా బోర్డులో గుచ్చే చోటు) ఉండదు కాబట్టి 2.5 అంగుళాల సాటా రకమే (హార్డ్ డిస్క్ లాగే కేబుల్‌తో తగిలించేది) తీసుకోవాలి. ఎఫ్‌పీఎస్ పెరుగుతుందని ఆశపడొద్దు గానీ, మ్యాప్ లోడ్ అయ్యే సమయం, మలుపు తిరగ్గానే ఆగిపోవడం తగ్గుతాయి.

పావుగంట బాగా ఆడి తర్వాత పడిపోతోంది

వేడి. ఇంటెల్ ప్రాసెసర్లు దాదాపు 100 డిగ్రీల దగ్గర వేగం తమంతట తామే తగ్గించుకుంటాయి. మన ఎండాకాలంలో గదే 38 దగ్గర ఉంటే దుమ్ము పట్టిన కూలర్ ఏం చేస్తుంది? ఫ్యాన్ రెక్క వేలితో పట్టుకుని బ్లోయర్ కొట్టండి, వదిలేస్తే అది గిర్రున తిరిగి బేరింగు దెబ్బతింటుంది. కూలర్ తీసి ప్రాసెసర్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్ట్ (వేడిని కూలర్‌కి చేర్చేది) తుడిచి, బఠాణీ గింజంత కొత్త పేస్ట్ పెట్టండి. ఇంటెల్ కూలర్ నాలుగు ప్లాస్టిక్ పిన్నుల్లో ఒకటి ఊడి ఉండటం నేను చాలాసార్లు చూశాను. నాలుగూ టక్కుమనే వరకు నొక్కాలి.

ఆట మధ్యలో ఒక్కసారిగా రీస్టార్ట్

నీలి తెర లేదు, ఎర్రర్ లేదు, మెషీన్ చప్పున ఆగి మళ్లీ మొదలవుతుంది. ఎస్ఎంపీఎస్‌ని అనుమానించండి. ఈ తప్పు నా సొంత మెషీన్ మీదే జరిగింది. ఆర్ఎక్స్ 580 తెచ్చి క్యాబినెట్‌తో వచ్చిన ఎస్ఎంపీఎస్‌కే తగిలించాను. డెస్క్‌టాప్ మీద ఏ ఇబ్బందీ లేదు. ఆటలో పెద్ద పోరాటం మొదలవగానే ఆగిపోయేది. కార్డు పాడైందనుకుని షాపు చుట్టూ రెండుసార్లు తిరిగాను.

మూడో రోజు ఎస్ఎంపీఎస్ బయటికి తీసి స్టిక్కర్ చదివాను. పెద్ద అక్షరాల్లో 450 వాట్లు. కింద చిన్న గళ్లలో 3.3 వోల్టులు, 5 వోల్టులు, 12 వోల్టులు విడివిడిగా ఉన్నాయి. 12 వోల్టుల గడిలో 16 ఏంపియర్లని ఉంది. పన్నెండు పదహార్లు 192. అంటే కార్డూ ప్రాసెసరూ కలిసి వాడుకోగలిగేది 192 వాట్లే, ఎందుకంటే రెండూ తినేది ఆ 12 వోల్టుల నుంచే. కార్డు 185, నా ఐ5 84, కలిపి 269. మిగతా వాట్లన్నీ ఆటకు పనికిరాని గళ్లలో ఉన్నాయి. నిజమైన 550 వాట్ల యూనిట్ స్టిక్కర్ మీద అదే గడిలో దాదాపు 40 ఏంపియర్లు ఉంటాయి.

అందుకే కార్డుకన్నా ముందు ఈ గడి చదవండి. మార్చాలంటే 80 ప్లస్ గుర్తు (కరెంటు వృథా తక్కువని చెప్పేది) ఉన్నదీ, కార్డుకి కావాల్సిన 6 లేదా 8 పిన్ల వైరు సొంతంగా ఉన్నదీ తీసుకోండి. పాత హార్డ్ డిస్క్ వైర్లను కలిపి 8 పిన్‌గా మార్చే కన్వర్టర్ వాడొద్దు, వైరు కాలిపోవచ్చు. ఎస్ఎంపీఎస్‌కి డబ్బు లేనేలేదంటే, విడిగా పవర్ వైరు అక్కర్లేని 6 జీబీ ఆర్‌టీఎక్స్ 3050 లాంటివి చూడండి. అది 70 వాట్లతో స్లాటు నుంచే నడుస్తుంది.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి వెళ్లినప్పుడే రీస్టార్ట్ అవుతుంటే తప్పు ఎస్ఎంపీఎస్‌ది కాకపోవచ్చు. చాలా ఇన్వర్టర్లకు యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటుంది. అది మార్చి చూడండి.

వానలు తగ్గాక ఆన్ చేస్తే తెర నల్లగా

సముద్రం గాలి తగిలే ఊళ్లలో ఇది మామూలే. 2018లో తిత్లీ తుపాను తర్వాత ఉద్దానంలో చాలా రోజులు కరెంటు లేదు. తేమలో ఆన్ చేయకుండా ఉండిపోయిన మెషీన్ల ర్యామ్ పళ్ల మీద చిలుము పడుతుంది. ప్లగ్ పీకేసి, ర్యామ్ తీసి, ఆ బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి మళ్లీ పెట్టండి. పీసీలో తేదీ ప్రతిసారీ వెనక్కి పోతుంటే బోర్డు మీది సీఆర్2032 సెల్ మార్చండి.

సెకండ్ హ్యాండ్ కార్డు

విశాఖ వెళ్లి కొన్నా, తెలిసినవాళ్ల దగ్గర కొన్నా జీపీయూ-జెడ్ (కార్డు వివరాలు చూపించే ప్రోగ్రాం) ఉన్న పెన్ డ్రైవ్ తీసుకెళ్లండి. లోపల పాత చిప్ పెట్టి, కార్డు బయాస్ మార్చి జీటీఎక్స్ 1050 టీఐ అని అమ్మే నకిలీలున్నాయి. వాటిలో చాలావాటిని జీపీయూ-జెడ్ పేరు పక్కనే ఫేక్ అని పట్టిస్తుంది. ఆర్ఎక్స్ 580లో 2048ఎస్‌పీ అని ఉంటే అది నిజానికి 570 స్థాయి చిప్. మీ కళ్ల ముందే ఇరవై నిమిషాలు ఆట నడపమనండి. తెర మీద రంగు చుక్కలు, గళ్లు కనిపిస్తే మెమరీ పోయినట్టు, ఎంత తగ్గించినా వద్దు.

మావాడు చివరికి 550 వాట్ల ఎస్ఎంపీఎస్, సాటా ఎస్ఎస్‌డీ కొత్తవి కొన్నాడు. 1660 సూపర్, రెండో 8 జీబీ స్టిక్ సెకండ్ హ్యాండ్. దాదాపు మూడో వంతు డబ్బు మొదటి రెండింటికే పోయింది, అందుకు ముందు కాస్త బాధపడ్డాడు.

విండోస్ 11 సంగతి

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14న ఆగిపోయింది. విండోస్ 11 అధికారికంగా ఎనిమిదో తరం ఇంటెల్, రైజెన్ 2000 నుంచే. నాలుగో తరం మీద అడ్డదారిలో ఎక్కించినా, టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ (బోర్డులో ఉండే భద్రతా ఏర్పాట్లు) లేకపోతే అక్కడ వాలొరెంట్ తెరుచుకోదు. మావాడు రోజూ స్నేహితులతో ఆడేది ఆ ఆటే. అందుకే విండోస్ 10 మీదే ఉన్నాడు, 2026 అక్టోబరు వరకు వచ్చే అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లకు పేరు నమోదు చేయించాను. ఈలోగా బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడింటికీ నెలనెలా కొంత పక్కన పెడుతున్నాడు. కార్డు, ఎస్ఎస్‌డీ, ఎస్ఎంపీఎస్‌ల బిల్లులూ డబ్బాలూ అటక మీద భద్రంగా ఉన్నాయి.