చిలీ ఆడవాళ్ల ఉద్యమం గురించి చదవాలంటే ఎక్కడ మొదలెట్టాలి

సైనిక నియంత పినోచెట్ కొనసాగాలా వద్దా అని జనాన్ని అడిగిన 1988 రెఫరెండంతో మొదలెట్టకండి, చాలామంది చేసే తప్పు అదే, ఇంకాస్త వెనక్కెళ్లి 1983 నిరసనలు చూడండి, పినోచెట్ గద్దె మీద ఉండగానే ఆడవాళ్లు దేశంలోనే కాదు ఇంట్లో కూడా ప్రజాస్వామ్యం కావాలని రోడ్డెక్కారు.

తర్వాత 1991లో పెట్టిన సెర్నామ్, అంటే మహిళల కోసం సర్కారు ఆఫీసు, దాన్ని పట్టుకోండి. ఇక్కడ తొందరపడొద్దు, పేపర్ తీసి ఒకపక్క ఉద్యమం ఏం అడిగిందో ఇంకోపక్క ఎప్పుడు దొరికిందో రాయండి: విడాకుల చట్టం 2004లో గానీ రాలేదు, పినోచెట్ పోతూపోతూ 1989లో పూర్తిగా బ్యాన్ చేసిన అబార్షన్ 2017లో మూడు కారణాలకే ఓకే అయ్యింది.

ఎందుకింత లేటంటే క్యాథలిక్ చర్చి, పినోచెట్ తర్వాత వచ్చిన సంకీర్ణ సర్కారులో క్రిస్టియన్ డెమోక్రాట్లు (చర్చి భావాలకు దగ్గరైన పార్టీ), పైగా కొందరు ఫెమినిస్టులు ఆఫీసుల్లోకి వెళ్లాక బయట ఒత్తిడి తగ్గింది (నాకైతే అసలు కథ ఇదే).