దుప్పిని దగ్గర నుంచి చూడటం – 3వ పాఠం: మన వాసన, దాని ముక్కు

దుప్పులు ఏ వేళకు మేతకొస్తాయో మొదటి పాఠంలో చూశాం. గిట్టల గుర్తులు, పెంటికలు చూసి అవి తిరిగే దారి కనుక్కోవడం రెండో పాఠంలో నేర్చుకున్నాం. ఇప్పుడు వేళ తెలుసు, దారి తెలుసు, కదలకుండా కూర్చోవడమూ వచ్చు. అయినా దుప్పి ఇంకా అరవై మీటర్ల దూరంలో ఉండగానే ఆగుతుంది, ముక్కు పైకెత్తుతుంది, వచ్చిన దారినే వెనక్కి పోతుంది. కొత్తవాళ్లు "చూసేసింది" అనుకుంటారు. చాలాసార్లు అది మిమ్మల్ని చూడనే లేదు, వాసన పట్టింది.

ఈ పాఠంలోని పద్ధతులు చాలావరకు అమెరికాలో తెల్లతోక జింకను వేటాడేవాళ్లు సాధన చేసి పోగుచేసినవి. అక్కడ లైసెన్సుతో, సీజన్‌లో అది చట్టబద్ధం. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకల వేట నేరం. మనకు కావాల్సింది తుపాకీ దూరం కాదు, బైనాక్యులర్ దూరం, కెమెరా దూరం. దుప్పి బెదరకుండా మేస్తూ ఉండగా చూడటమే ఈ పాఠాల లక్ష్యం. చిలుకూరు దగ్గర మృగవని అయినా, వనస్థలిపురం పక్కన మహావీర్ హరిణ వనస్థలి అయినా జాతీయ ఉద్యానాలు. అటవీ శాఖ అనుమతించిన దారి, మంచె, వాహనం దాటి అడుగు పెట్టకూడదు. అమ్రాబాద్ లాంటి పులుల అడవిలో సఫారీకి వెళ్తే బండి దిగడమే కుదరదు. ఈ హద్దుల్లో ఉంటూనే కింద చెప్పేవన్నీ చేయొచ్చు.

ఇంకో మాట. కృష్ణజింక మైదానాల జంతువు, ముందు కంటిని నమ్ముతుంది. హరిణ వనస్థలిలో దాని ముందు వాసన కంటే కదలికే మిమ్మల్ని పట్టిస్తుంది. చుక్కల దుప్పికి కన్ను, చెవి, ముక్కు మూడూ చురుకే. సాంబార్ అని పిలిచే కణితి పొదల చాటున, చీకటి వేళ తిరుగుతుంది కాబట్టి దానికి ముక్కే ప్రధానం. ఈ పాఠం ముఖ్యంగా ఈ రెండింటి కోసం.

మన వాసన ఎక్కడిది

అప్పుడే పట్టిన చెమటకు దాదాపు వాసన ఉండదు. చంకల్లో, గజ్జల్లో, కాలివేళ్ల మధ్య ఉండే బ్యాక్టీరియా ఆ చెమటను విరగ్గొట్టి ఘాటైన ఆమ్లాలు తయారుచేస్తుంది. మనకు తెలిసే చెమట కంపు అదే. దీనికి తోడు చర్మం నుంచి కంటికి కనబడని పొట్టు నిమిషానికి వేల సంఖ్యలో రాలుతూ గాలిలో కలుస్తుంది. ఊపిరి సరేసరి. అంటే బతికున్న మనిషి వాసన లేకుండా ఉండటం జరగని పని. "వాసన పూర్తిగా పోగొడతాం" అని ఏ డబ్బా మీద రాసి ఉన్నా నమ్మకండి. తగ్గించొచ్చు, దారి మళ్లించొచ్చు. ఈ రెండింటిలో దారి మళ్లించడమే ఎక్కువ పని చేస్తుంది. అందుకే ముందు గాలి, తర్వాతే ఉతుకు.

దుప్పికి మనిషి వాసన కొత్త కాదన్న సంగతీ గుర్తుంచుకోవాలి. నగరం అంచున ఉన్న అడవిలో నడకదారి నుంచి రోజూ ఆ వాసన వస్తూనే ఉంటుంది, అది దాన్ని పట్టించుకోదు. ఎప్పుడూ రాని వైపు నుంచి, ఎప్పుడూ రాని వేళ, చిక్కగా వస్తేనే బెదురుతుంది. కాబట్టి జనం రోజూ నడిచే దారి మీద, జనం రోజూ ఆగే చోట కూర్చుంటే సగం పని అయినట్టే.

గాలి

గంటకు 6 కిలోమీటర్ల గాలి అంటే నిమిషానికి 100 మీటర్లు. మీరు కూర్చున్న నిమిషానికే మీ వాసన వంద మీటర్ల అవతల ఉంటుంది. అగరుబత్తి పొగలా మొదట సన్నగా సాగి, పోనుపోను వెడల్పవుతూ, పొద తగిలిన చోట సుడి తిరుగుతుంది. గాలి వేగం కొలవడానికి పరికరం అక్కర్లేదు. ఆకులు కదలకపోయినా పొగ ఒక వైపు వాలుతుంటే గంటకు 1 నుంచి 5 కిలోమీటర్లు. ముఖానికి గాలి తగులుతూ ఆకులు గలగలమంటే 6 నుంచి 11. ఆకులూ సన్న రెమ్మలూ ఆగకుండా ఊగుతుంటే 12 నుంచి 19. మనకు మంచిది మధ్యది. దాని దిక్కు నిలకడగా ఉంటుంది, ఆకుల చప్పుడు మన చిన్న చిన్న శబ్దాలను కప్పేస్తుంది. మొదటి రకం గాలే అన్నిటికంటే ప్రమాదం. అది ఎటు పోతుందో దానికే తెలియదు, వాసన పల్చబడకుండా మన చుట్టూ గుమిగూడి నాలుగు వైపులకూ పాకుతుంది.

హైదరాబాద్‌లో జూన్ నుంచి సెప్టెంబరు వరకు పడమర, నైరుతి నుంచి గట్టి గాలి. చలికాలంలో ఎక్కువగా తూర్పు, ఆగ్నేయం నుంచి బలహీనమైన గాలి, తెల్లవారుజామున అదీ ఉండదు. వాతావరణ యాప్‌లో కనిపించే దిక్కు ఆ ప్రాంతం మొత్తానిది, మీ గుట్ట దగ్గరది కాదు. యాప్ చూసి బయల్దేరండి, కానీ చోటు ఎంచుకునేది అక్కడి గాలిని చూశాకే.

రోజు పొడవునా నేల కూడా గాలిని నడుపుతుంది. పొద్దెక్కేకొద్దీ వాలు వేడెక్కి గాలి గుట్ట పైకి ఎక్కుతుంది. పొద్దు వాలాక చల్లబడిన గాలి బరువెక్కి కిందికి, వాగులోకి, కుంటలోకి జారుతుంది. అంటే ఉదయం దుప్పికి పై భాగంలోనూ, సాయంత్రం దానికి కింది భాగంలోనూ ఉండాలి. సాయంత్రం గుట్ట మీద కూర్చుని కింద కుంటకు వచ్చే దుప్పుల కోసం చూడటం అందరూ చేసే పొరపాటు. దృశ్యం బాగుంటుంది, వాసన మాత్రం నేరుగా నీళ్ల ఒడ్డుకు దిగుతుంది. మన దక్కను నేలలో ఇంకో చిక్కు ఉంది. పెద్ద బండరాళ్లు పగటి వేడిని చీకటి పడ్డాక కూడా వదులుతూనే ఉంటాయి. బండ పక్కన గాలి పైకి లేస్తుంటే పది అడుగుల అవతల కిందికి జారుతుంటుంది. బండకు ఆనుకుని కూర్చోకండి. ఉదయం ఎండ తగిలే వేళ, సాయంత్రం ఎండ పోయే వేళ గాలి దిక్కు మారుతుంది, మారేముందు కాసేపు ఎటూ తేలకుండా ఉంటుంది. ఆ కాసేపు చోటు మారకండి, లేవకండి.

గాలిని చూడటానికి ముఖానికి రాసుకునే పౌడరు వాడతారు కొందరు. దాని పరిమళమే ఒక సమస్య. మన దగ్గర అంతకంటే మంచిది రోడ్డు పక్కనే దొరుకుతుంది: జిల్లేడు దూది. కాయ బాగా ఎండి, గోధుమ రంగుకొచ్చి, కుట్టు విడిపోతున్నప్పుడు కోయాలి. పచ్చి కాయ కోస్తే కారే పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం, కాబట్టి చేతులు సబ్బుతో కడుక్కునే దాకా కళ్లు నలపకండి. కాయ విప్పితే లోపల గింజలు చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఉంటాయి, ప్రతి గింజ కొసకూ పట్టులాంటి దూది కుచ్చు. గింజ తుంచేసి కుచ్చులను మూత గట్టిగా పట్టే చిన్న డబ్బాలో పెట్టుకోండి. రెండు కాయల దూది చాలాకాలం వస్తుంది. అడవిలో ఒక్క కుచ్చు, అందులోనూ నాలుగైదు పోగులే తీసి, గుప్పిట్లోంచి వదలండి. పౌడరు మూడు మీటర్ల వరకే చెబుతుంది. జిల్లేడు పోగు ఎండ వెలుగులో ముప్పై మీటర్ల దాకా కంటికి ఆనుతుంది. ముందు సూటిగా పోయి, ఆ తుమ్మ చెట్టు దగ్గరకు వెళ్లేసరికి వెనక్కి తిరిగి పైకి లేస్తే, మీ వాసన కూడా సరిగ్గా అదే చేస్తోందని అర్థం. పది నిమిషాలకోసారి వదిలి చూడండి.

ఇక కూర్చునే చోటు. "గాలికి ఎదురుగా కూర్చో" అని అందరూ చెబుతారు. అది సగం సలహా. దుప్పి మీ ముందు నుంచి వచ్చి మిమ్మల్ని దాటి వెనక్కి పోతే అప్పుడు అది మీ గాలివాటునే ఉంటుంది. అందుకని గాలి మీకు అడ్డంగా, ఒక భుజం నుంచి ఇంకో భుజం వైపు వీచేలా కూర్చోండి. వాసన పోయే ఆ వైపున దుప్పి రాని చోటు ఉండేలా చూసుకోండి: చెరువు నీళ్లు, ప్రహరీ, రోడ్డు, జనం నడిచే బాట. నీళ్ల మీదుగా పోయే వాసన ఎవరికీ పట్టదు. మంచె ఎక్కితే వాసన కొంత తలల మీదుగా పోతుంది గానీ సాయంత్రం జారే గాలి దాన్ని కిందికి దింపుతుంది, మంచెను నమ్మి గాలిని మరవకండి.

బట్టలు, ఒళ్లు

బీరువాలోంచి తీసిన చొక్కాకు నాఫ్తలీన్ ఉండల వాసన ఉంటుంది. ఇస్త్రీ బండి దగ్గరి నుంచి తెచ్చిన ప్యాంటుకు బొగ్గు వాసన. వంటింటి పక్క బాల్కనీలో ఆరేస్తే పోపు వాసన. వీటిలో నాఫ్తలీన్ మరీ మొండిది, ఒక ఉతుకుకు పోదు. అడవి బట్టలు వేరుగా పెట్టుకోవడమే మార్గం.

ఒక జత ఉతకడానికి 12 నుంచి 15 కుంకుడుకాయలు చాలు. కొట్టి, గింజలు తీసేసి, తొక్కలను లీటరు వేడినీళ్లలో అరగంట నానబెట్టండి. చేత్తో పిసికి, గుడ్డలో వడకట్టి, ఆ రసాన్ని అర బకెట్ నీళ్లలో కలిపి బట్టలు అరగంట ఉంచండి. చంక, మెడ, నడుము పట్టీ దగ్గర రుద్దండి. మంచినీళ్లతో మూడుసార్లు జాడించి, చివరి బకెట్లో రెండు పెద్ద చెంచాల వంటసోడా కలిపి పది నిమిషాలు ఉంచి పిండండి. చెమటలో పుట్టిన ఆమ్లాల మీద సోడా పనిచేస్తుంది. కుంకుడు రసం ఏ రోజుకారోజు చేసుకోవాలి, నిలవుంటే పులిసి కంపు కొడుతుంది, ఆ బట్టలతో వెళ్లడం కంటే మామూలు బట్టలే నయం. మిద్దె మీద ఎండలో ఆరేసి, పూర్తిగా ఆరాకే మూత బిగుతుగా ఉండే డబ్బాలో పెట్టాలి. తడి ఉంటే బూజు వాసన పడుతుంది. పరిమళపు డిటర్జెంట్ మానడానికి ఇంకో కారణం ఉంది: అందులో తెల్లదనం కోసం కలిపే రసాయనాలు నీలి వెలుగును వెదజల్లుతాయి, జింకల కంటికి నీలి రంగు బాగా ఆనుతుంది. రంగుల సంగతి అయిదో పాఠంలో.

స్నానానికీ కుంకుడుకాయే. తలకు కొబ్బరినూనె, ఒంటికి అత్తరు, జడలో మల్లెపూలు ఆ రోజుకు వద్దు. పళ్లకు వేపపుల్ల సరిపోతుంది. ముందురోజు రాత్రి వెల్లుల్లి దండిగా తింటే ఆ వాసన రక్తంలోంచి ఊపిరిలోకి మర్నాటి వరకూ వస్తుంది, నోరు కడిగితే పోదు. జర్దా, గుట్కా, సిగరెట్ సంగతి చెప్పనక్కర్లేదు.

దోమల మందు మాత్రం మానొద్దు. డెంగ్యూ, మలేరియా ఉన్న చోట దుప్పి ఫొటో కోసం చేతులు దోమలకు అప్పగించడం తెలివి కాదు. నిండు చేతుల చొక్కా వేసుకుని, బయట ఉండే చోట్ల మందు రాసుకుని, గాలిని సరిచూసుకుని కూర్చోండి. గాలి మీకు అనుకూలంగా ఉంటే ఆ వాసన ఏమీ చేయదు.

ఇంత చేసి ఉతికిన బట్టలు ఇంటి దగ్గరే వేసుకుని బైక్ మీద బయల్దేరితే పని వృథా. దారిలో పెట్రోల్ బంకు, టిఫిన్ సెంటర్, కారైతే లోపల వేలాడే సెంటు. డబ్బా వెంట తీసుకెళ్లి, గేటు దగ్గర మార్చుకోండి. తోలు బూట్లు, క్యాన్వాస్ బూట్లు వాసన పీల్చుకుంటాయి, రబ్బరు గంబూట్లు తక్కువ పీల్చుకుంటాయి, పైగా పాము కాటు నుంచి రక్షణ. కూర్చునే చోటికి నెమ్మదిగా నడవండి. చెమట పట్టేలా నడిచి వెళ్లి చల్లబడటానికి కూర్చుంటే మొదటి అరగంట అంతా మీరే అడవికి కబురు పంపుతున్నట్టు. గడ్డిని, కొమ్మలను చేత్తో పక్కకు తోయకండి, చేయి తగిలిన ప్రతిచోటా వాసన అంటుకుని గంటల తర్వాత వచ్చే దుప్పికి కూడా చెబుతుంది. దుప్పుల బాటను తొక్కాల్సి వస్తే ఒక్కచోటే అడ్డంగా దాటండి.

ఆన్‌లైన్‌లో దొరికే కార్బన్ పొర బట్టల మీద డబ్బు పెట్టకండి. వాటిని తొడుక్కున్న మనుషులను శిక్షణ పొందిన కుక్కలు వెతికి పట్టుకున్నాయి. ఓజోన్ యంత్రాలు మూసిన గదిలో ఊపిరితిత్తులకు హాని. జింక మూత్రం సీసాలు అమెరికాలోనే కొన్ని రాష్ట్రాలు నిషేధించాయి, జింకల్లో ప్రాణాంతకమైన రోగం వాటి ద్వారా పాకుతుందన్న భయంతో. మన అడవిలో అలాంటివి చల్లే ఆలోచనే రాకూడదు.

పట్టుబడ్డామని ఎలా తెలుస్తుంది

చూసి అనుమానపడిన దుప్పి తల దించి, ఎత్తి, మళ్లీ చూస్తుంది. ముందుకాలు నేలకేసి కొడుతుంది. అప్పుడు కదలకుండా ఉంటే చాలాసార్లు మళ్లీ మేతలో పడుతుంది. తేల్చుకోవడానికి పక్కకు చుట్టు తిరిగి మీ గాలివాటుకు రావాలని చూసిందంటే మాత్రం మీకు ఎక్కువ సమయం లేదు. వాసన దొరికిన దుప్పి తోక నిటారుగా లేపి, ఈలలాంటి పదునైన కూత వేస్తుంది, మంద మొత్తం తల ఎత్తుతుంది. ఇక ఆ పూటకు అక్కడ కూర్చోకండి. మంద దూరమయ్యాక, వచ్చిన దారినే వెనక్కి రండి. చెట్టు మీద కొండముచ్చు ఉంటే వాసన ఎంత అదుపులో ఉన్నా లాభం లేదు, అది కంటితో చూసి అరుస్తుంది, కింద దుప్పి దాన్ని నమ్ముతుంది.

వచ్చే పాఠానికి ముందు చేయాల్సిన అభ్యాసం: ఇంటికి దగ్గర్లోని చెరువు గట్టు గానీ పార్కు గానీ ఒకటి ఎంచుకోండి. వారం రోజులు, తెల్లవారాక ఒకసారి, పొద్దు వాలే ముందు ఒకసారి, చీకటి పడుతుండగా ఒకసారి జిల్లేడు పోగులు వదిలి, ఎటు పోయాయో, ఎక్కడ తిరిగాయో కాగితం మీద బాణం గుర్తులతో గీయండి. ఒకే చోట మూడు వేళల బాణాలు మూడు వైపులు చూపిస్తే మీరు సరిగ్గా గమనిస్తున్నట్టే. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, నాలుగో పాఠంలో అడుగుల చప్పుడు గురించి చెప్పేటప్పుడు దాని మీదే దారి గీస్తాం.