ఇంజన్‌లో నట్టు జారిపడితే బయటికి తీయడం ఎలా?

బైక్ ఇంజన్‌లో ట్యాపెట్లు (వాల్వులను నొక్కి తెరిచే భాగాలు) సెట్ చేస్తుంటే వేళ్ల సందులోంచి చిన్న నట్టు జారి, లోపలెక్కడో టక్కుమంటుంది. వెంటనే చెయ్యి ఆపండి. బండి ఊపొద్దు, కిక్ కొట్టొద్దు. తాళంచెవి తీసి జేబులో వేసుకోండి. ఆ నట్టు, వాల్వులను నడిపే టైమింగ్ చైన్‌కీ పళ్లచక్రానికీ మధ్య నలిగిందంటే ఇంజనే విప్పాల్సొస్తుంది.

అసలు లోపలే పడిందా? ఇంజన్ బయటి రెక్కల (వేడి తగ్గించే పలకల) మధ్య, బండి కింద, చొక్కా మడతల్లో ముందు వెతకండి. సెల్‌ఫోన్ లైటు పక్కనుంచి వాలుగా వేస్తే ఇనుము మెరుస్తుంది. రెక్కల్లో ఇరుక్కుని కనిపిస్తే, తెరిచి ఉన్న రంధ్రాలన్నీ గుడ్డతో మూశాకే దాన్ని కదపండి.

లోపలే ఉంటే మ్యాగ్నెట్ పుల్ల కావాలి. రేడియో యాంటెన్నాలా సాగేది టూల్స్ షాపుల్లో దొరుకుతుంది. దాంతో చిక్కల్లా ఒకటే: దారిలో ఉన్న చైన్‌కీ బోల్టులకీ అతుక్కుపోతుంది. అందుకే మ్యాగ్నెట్ పక్కలు కప్పేలా పెట్రోల్ పైపు ముక్క తొడిగి, కొస మాత్రం బయటికి వదలండి. పట్టు చిక్కాక తొందరపడకుండా నిటారుగా పైకి లాగండి.

స్పార్క్ ప్లగ్ రంధ్రంలో పడినా ఇదే పద్ధతి. స్ప్లెండర్‌లో ఆ రంధ్రం 10 మి.మీ. వెడల్పే, కాబట్టి సన్నటి పుల్ల తీసుకోండి. పిస్టన్ కదిలేది 49.5 మి.మీ. మాత్రమే, లోతుకు భయపడక్కర్లేదు. ముక్క పైకొస్తుందని ఇంజన్ తిప్పారో, అది వాల్వ్ కింద ఇరుక్కోవచ్చు.

కార్బురేటర్‌లోని ఇత్తడి జెట్లు (పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రపు ముక్కలు), అల్యూమినియం వాషర్లు మ్యాగ్నెట్‌కి అంటవు. వాటికి నొక్కితే కొసన గోళ్లు తెరుచుకునే పికప్ టూల్ వాడాలి. తేలికైన వాషరైతే పుల్ల చివర గ్రీజు ముద్ద పెట్టినా అంటుకొస్తుంది. కంప్రెసర్ గాలి మాత్రం కొట్టొద్దు, ముక్క ఇంకా లోపలికి పోతుంది. బ్యాటరీ దగ్గర పడితే ఇనుప పుల్ల పెట్టకముందే నెగటివ్ వైరు విప్పండి.

టైమింగ్ చైన్ తిరిగే గుంటలోంచి ఇంకా కిందికి జారిపోయిందా? ఆయిల్ దించి, డ్రెయిన్ రంధ్రంలోంచి మ్యాగ్నెట్‌తో వెతకండి. దొరక్కపోతే స్టార్ట్ చేయకుండా మెకానిక్ దగ్గరికి తోసుకెళ్లండి. బరువే, కానీ ఇక్కడ రాజీ పడకండి.

దొరికాక నట్టు, వాషర్ రెండూ ఉన్నాయా, ముక్క విరిగిందా చూడండి. అన్నీ బిగించాక ప్లగ్ తీసే ఉంచి, పానాతో క్రాంక్‌ని (పిస్టన్‌కి కలిపి ఉన్న ఇరుసుని) మెల్లగా రెండు చుట్లు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా తగిలితే బలం పెట్టకుండా ఆగిపోండి.