చవగ్గా దొరికిన గది చివరికి ఎందుకు ఖరీదవుతుంది? కుటుంబంతో హోటల్ తిప్పలు: సమస్య - పరిష్కారం

రెండు మూడు రోజులు ఊరు చూడటానికి పిల్లలతో వెళ్లినప్పుడు హోటల్‌లో వచ్చే గొడవలు చాలావరకు రిసెప్షన్ దగ్గర పుట్టవు, ఇంట్లో కూర్చుని ఫోన్‌లో వెతికేటప్పుడే పుడతాయి. ఎవరెవరు వస్తున్నారో హోటల్‌కి తెలియకపోవడం ఒకటి, గది రేటునే మొత్తం ఖర్చు అనుకోవడం రెండోది. కింద ఎక్కువ నష్టం చేసేవి ముందు, చిన్నాచితకా వెనక ఉన్నాయి.

సమస్య: ఆన్‌లైన్‌లో చూసిన రేటు ఒకటి, కౌంటర్‌లో కట్టింది ఇంకొకటి

కారణం: బుకింగ్ సైట్లలో సెర్చ్ పెట్టె తెరవగానే సాధారణంగా ఇద్దరు పెద్దలు, పిల్లలు సున్నా అని ఉంటుంది. తేదీలు మారుస్తాం, ఆ గడిని అలాగే వదిలేస్తాం. పిల్లలు ఎలాగూ మన పక్కనే పడుకుంటారు కదా అనుకుంటాం. తీరా కౌంటర్ ముందు నలుగురు నిలబడేసరికి అదనపు మనిషి రేటు పడుతుంది. గదికి ముగ్గురే అన్న నిబంధన ఉంటే రెండో గది తీసుకోమంటారు.

"పిల్లలకు ఉచితం" అన్న మాటను కూడా పూర్తిగా చదవాలి. ఒక హోటల్‌లో ఐదేళ్ల లోపు, మరోచోట పన్నెండేళ్ల లోపు. పైగా ఆ ఉచితం చాలాచోట్ల ఉన్న మంచం మీదే సర్దుకుంటేనే. అదనపు మంచం, పసిపిల్లల ఉయ్యాల మంచం, పొద్దుటి టిఫిన్ వేరే లెక్క. కొన్ని నగరాల్లో తలకు, రాత్రికి ఇంత అని పర్యాటక పన్ను ఉంటుంది. అది ఆన్‌లైన్ మొత్తంలో కలవకపోతే హోటల్‌లోనే కట్టాలి.

పరిష్కారం: సెర్చ్‌లో పిల్లల సంఖ్య, ప్రయాణం నాటికి నిండిన వయసు వేసి వెతకండి. "పన్నులు, రుసుములు కలిపి" చూపించే ఎంపిక నొక్కాకే హోటళ్లను పోల్చండి. కారులో వెళ్తుంటే పార్కింగ్ రేటు చూడటం మర్చిపోకండి. ఊరి నడిబొడ్డున అదొక్కటే గది మీద మిగిల్చింది తినేయగలదు. డబ్బు కట్టే ముందు హోటల్‌కి ఇలా ఒక మెసేజ్ పంపండి:

"ఫలానా తేదీ నుంచి రెండు రాత్రులు. ఇద్దరు పెద్దలు, 4, 9 ఏళ్ల పిల్లలు ఇద్దరు. ఫలానా రకం గదిలో నలుగురికీ అనుమతి ఉందా? ఎన్ని మంచాలు, ఒక్కోటి ఎంత వెడల్పు? అదనపు మంచానికి, పిల్లల టిఫిన్‌కి ఎంత? పన్నులన్నీ కలిపి చివరి మొత్తం ఎంత?"

జవాబు రాతలో ఉండటం ముఖ్యం. ఫోన్‌లో "అదేం పర్లేదండీ, రండి" అన్న మనిషి మీరు దిగిన రోజు డ్యూటీలో ఉండకపోవచ్చు.

సమస్య: నలుగురికి అని రాశారు, ఇద్దరికే చాలడం లేదు

కారణం: నలుగురికి అంటే నాలుగు మంచాలని కాదు. చాలాసార్లు ఒక డబుల్ బెడ్, ఒక సోఫా కమ్ బెడ్. గది వైశాల్యంలో బాత్రూమ్ కూడా కలిసే ఉంటుంది.

ఒక లెక్క చూడండి. 18 చదరపు మీటర్లు, అంటే సుమారు 195 చదరపు అడుగుల గది. అందులో బాత్రూమ్ 4, తలుపు దగ్గరి నడవ 2 పోతే మిగిలేది 12. 160 సెంటీమీటర్ల వెడల్పు, 200 పొడవున్న మంచం 3.2 తీసుకుంటుంది. 90 వెడల్పు, 190 పొడవున్న మడత మంచం ఇంకో 1.7. మంచాల చుట్టూ నడవడానికి 60 సెంటీమీటర్ల దారి, అల్మారా, బల్ల పోగా సూట్‌కేస్ తెరిచి పెట్టే చోటు ఉండదు. రాత్రి బాత్రూమ్‌కి వెళ్లాలంటే ఎవరో ఒకరి మీదుగా దాటాలి.

పరిష్కారం: ముగ్గురికి కనీసం 22, నలుగురికి 28 చదరపు మీటర్లు (దాదాపు 300 చదరపు అడుగులు) ఉన్నవే చూడండి. ఫోటోలు వైడ్ యాంగిల్ లెన్స్‌తో తీసినవి కాబట్టి గది వెడల్పు కంటితో అంచనా వేయకండి, దిండ్లు చూడండి. మామూలు దిండు 70 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. రెండు దిండ్లు పక్కపక్కన పెడితే మంచం తలవైపు ఖాళీ మిగలకపోతే అది 140 మంచమే. దాని మీద ఇద్దరు పెద్దలు, ఒక బిడ్డ అంటే ముగ్గురికీ నిద్ర ఉండదు.

పిల్లలు పెద్దవాళ్లయితే రెండు చిన్న గదులు ఒక ఫ్యామిలీ రూమ్ కంటే చౌకగా దొరికే సందర్భాలున్నాయి, రెండూ పోల్చండి. అయితే "కనెక్టింగ్" అంటే లోపల తలుపు ఉన్న గదులు, "అడ్జాయినింగ్" అంటే పక్కపక్క గదులు మాత్రమే. ఈ తేడా తెలియక చిన్నపిల్లలతో ఇబ్బంది పడేవాళ్లు చాలామంది. బుకింగ్‌లో "రిక్వెస్ట్" అని ఉంటే అది హామీ కాదు. "ఖరారు" అని రాయించుకోండి.

సమస్య: గది చవకే, ఊరు చూడటానికే టైమ్ చాల్లేదు

ఇదే అన్నిటికంటే ఎక్కువ మంది పడే గుంత. ఊరి నడుమ గది రాత్రికి 100, శివార్లలో 70 అనుకుందాం. రెండు రాత్రులకు మిగిలేది 60. నలుగురు, మూడు రోజులు, రోజుకు రాను ఒకటి పోను ఒకటి: 24 టికెట్లు. టికెట్ 2.5 అయితే మిగిలిన 60 అక్కడికక్కడే సరి. మధ్యాహ్నం బిడ్డని పడుకోబెట్టడానికి గదికొచ్చి మళ్లీ వెళ్తే 48 టికెట్లు. ఇక టైమ్: ఒక వైపు 45 నిమిషాలంటే రోజుకు గంటన్నర, మూడు రోజుల్లో నాలుగున్నర గంటలు. సగం రోజు బస్సుల్లోనే పోయింది.

కారణం: హోటల్ పేజీలో రాసే "కేంద్రం నుంచి 2 కి.మీ." చాలాసార్లు గీత గీసినట్టు కొలిచిన దూరం. మధ్యలో నది, రైలు పట్టాలు ఉంటే నడిచే దారి రెట్టింపు కావచ్చు. "5 నిమిషాలు" అంటే కారులోనా, నడకలోనా అన్నది ఎవరూ చెప్పరు.

పరిష్కారం:
1. చూడాల్సిన చోట్లు నాలుగైదు గూగుల్ మ్యాప్స్‌లో సేవ్ చేసుకోండి. ఎక్కువ ఎక్కడ గుమిగూడాయో అదే మీ "కేంద్రం", ఊరి కేంద్రం కాదు.
2. హోటల్ నుంచి అక్కడికి వెళ్లే రోజు, వెళ్లే గంట పెట్టి ప్రజా రవాణా దారి చూడండి. రాత్రి తొమ్మిదికి తిరుగుదారి కూడా చూడండి. చివరి బస్సు ఎనిమిదికే అయిపోయే చోట్లు ఉంటాయి.
3. మ్యాప్ చెప్పే నడక సమయం పెద్దవాళ్ల వేగానిది, గంటకు 5 కి.మీ. దగ్గరది. చిన్నపిల్లలతో 3 కి.మీ. వేసుకోండి. 15 నిమిషాల దారి 25 నిమిషాలవుతుంది.

మెట్రో లేదా ట్రామ్ స్టేషన్‌కి 500 మీటర్ల లోపు, ఒకే లైన్‌లో, మారకుండా వెళ్లగలిగే శివారు హోటల్ దొరికితే అది మాత్రం మంచి బేరమే.

సమస్య: ఉదయం ఎనిమిదికి దిగారు, గది రెండింటి దాకా లేదు

చెక్-ఇన్ సాధారణంగా 2 లేదా 3 గంటలకు, చెక్-అవుట్ 11 లేదా 12కి. రెండు రాత్రుల ప్రయాణంలో ఈ తేడా పెద్దదే. ముందురోజు రాత్రికి కూడా బుక్ చేయడం ఖచ్చితమైన మార్గం గానీ ఖరీదు. అంతకంటే సామాను దాచే గది ఉందా, బట్టలు మార్చుకునే చోటుందా అని అడిగి, మొదటి పూట పక్కనే ఉన్న చోట్లకు పెట్టుకోవడం తెలివి. పళ్ల బ్రష్షులు, ఒక్కో జత బట్టలు, మందులు చేతిసంచిలో పైనే పెట్టుకోండి. లేదంటే లాబీలో పెద్ద సూట్‌కేసులు విప్పాల్సి వస్తుంది.

సమస్య: రాత్రంతా చప్పుడు

కారణం: రోడ్డు వైపు గది, లిఫ్ట్ పక్క గది, కింద బార్. ఎవరూ ఊహించనిది ఇంకొకటుంది: లోపల తలుపు ఉన్న కనెక్టింగ్ గదిలో అవతల వేరేవాళ్లుంటే, ఆ తలుపు గోడంత మందం ఉండదు కాబట్టి వాళ్ల టీవీ మీకు వినిపిస్తుంది.

పరిష్కారం: "వెనకవైపు, లిఫ్ట్‌కి దూరంగా, కనెక్టింగ్ తలుపు లేని గది" అని బుకింగ్‌లోనే రాయండి. రివ్యూలను "కొత్తవి ముందు" అని పేర్చి, "కుటుంబాలు" వడపోత పెట్టి, శబ్దం, లిఫ్ట్, వేడినీళ్లు, వాసన అన్న మాటలు వెతకండి. మొత్తం స్కోరు కంటే గత ఆరునెలల ఫిర్యాదుల్లో ఏది మళ్లీమళ్లీ వస్తోందో అదే నిజం. స్టార్లను ఒక దేశానికీ ఇంకో దేశానికీ పోల్చకండి, వాటికి ప్రపంచమంతటా ఒకే కొలత లేదు.

సమస్య: రెండో మనిషి స్నానానికే చన్నీళ్లు

గదికి విడిగా 15 లీటర్ల గీజర్ ఉంటే, 60 డిగ్రీల నీటిని 20 డిగ్రీల చన్నీళ్లతో కలిపితే 40 డిగ్రీల నీళ్లు సుమారు 30 లీటర్లే వస్తాయి. నిమిషానికి 8 లీటర్లు పోసే షవర్ కింద అది నాలుగు నిమిషాల లోపే. 2 కిలోవాట్ల గీజర్ మళ్లీ వేడెక్కడానికి ఇరవై నిమిషాలు. చెడిపోయిందని కాదు, చిన్నది. పిల్లలకు రాత్రే స్నానం చేయించండి, లేదంటే 25 లీటర్ల గీజర్ గానీ, హోటల్ మొత్తానికీ ఒకేచోట నుంచి వచ్చే సెంట్రల్ వేడినీళ్లు గానీ ఉన్న గది అడగండి.

సమస్య: ఫ్రిజ్ ఉందన్నారు, పాలు విరిగాయి

మినీబార్ ఫ్రిజ్‌లు చాలావరకు డ్రింకులు చల్లబరచడానికే. వాటిలో పాలు, ఇన్సులిన్ నమ్మకంగా నిలవుండవు. తెరవని ఇన్సులిన్‌కి 2 నుంచి 8 డిగ్రీలు కావాలి. రిసెప్షన్‌లో వైద్య అవసరమని చెప్పి సరైన ఫ్రిజ్ అడగండి. కొన్ని మినీబార్లలో సీసా కదిపితే చాలు బిల్లులో పడుతుంది. పిల్లలుంటే ముందే ఖాళీ చేయించండి.

సమస్య: పొద్దున్నే ఒంటి మీద దద్దుర్లు

నల్లులు కావచ్చు. గదిలోకి వెళ్లగానే సామాను బాత్రూమ్‌లో పెట్టి, దుప్పటి మూల ఎత్తి పరుపు కుట్టు వెంబడి, తలవైపు చెక్క వెనక ఫోన్ లైటుతో చూడండి. పెద్ద నల్లి 5 మిల్లీమీటర్లుంటుంది. అంతకంటే ముందు కనిపించేవి నల్లటి చుక్కలు. కనిపిస్తే ఫోటో తీసి గది మార్చమనండి, కానీ పక్క గది, పైగది, కిందిగది వద్దు, గోడల సందుల్లోంచి అవి పాకుతాయి. ఇంటికొచ్చాక బట్టలు 60 డిగ్రీల నీళ్లలో ఉతకండి.

సమస్య: బిడ్డకు జ్వరం, ప్రయాణం రద్దు, డబ్బు పోయింది

తిరిగి ఇవ్వని రేటు చవగ్గా ఉంటుంది గానీ పిల్లలున్న ఇంటికి అది జూదమే. ఉచిత రద్దు ఉన్నది ముందు బుక్ చేయండి. ఆ రద్దు గడువుకు వారం ముందు రేట్లు మళ్లీ చూడండి. రేటు తగ్గితే కొత్తది తీసుకున్నాకే పాతది రద్దు చేయాలి, ఆ వరస తప్పకూడదు. గడువు సాధారణంగా హోటల్ ఉన్న ఊరి సమయం ప్రకారం ఉంటుంది. విదేశమైతే కొన్ని గంటల తేడాలో గడువు దాటిపోతుంది.

చెక్-ఇన్‌లో డిపాజిట్ పేరుతో కార్డు మీద కొంత మొత్తం ఆపుతారు. డెబిట్ కార్డయితే ఖాతాలోంచి అది మీరు వాడుకోలేకుండా రోజుల తరబడి నిలిచిపోవచ్చు, కాబట్టి క్రెడిట్ కార్డు ఇవ్వండి. బయలుదేరేటప్పుడు బిల్లు ప్రింటు తీసుకుని, డిపాజిట్ వదిలేశారా అని అక్కడే అడగండి.