వెల్‌నెస్ స్టూడియోలో వివక్ష వద్దంటే ఏం చేయాలి

2020 జూన్‌లో, పోలీసు చేతిలో నల్లజాతీయుడు జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత, అమెరికాలో బోలెడన్ని యోగా, స్పా కంపెనీలు నల్లవాళ్లకు మద్దతుగా ఇన్‌స్టాగ్రామ్‌లో నల్ల చతురస్రం పెట్టి చేతులు దులుపుకున్నాయి. మీ స్టూడియో అలా కాకూడదంటే ముందు జీతాల లిస్టు తీయండి. క్లాసులు చెప్పేవాళ్లంతా తెల్లవాళ్లై, టవళ్లు ఉతికేవాళ్లంతా నల్లవాళ్లో మెక్సికన్లో అయితే, గోడ మీద ఎంత పెద్ద ప్రతిజ్ఞ రాసినా వచ్చినవాళ్లకు విషయం అర్థమైపోతుంది. ప్రకటనల్లో ఎవరి ఫొటోలు పెట్టాలన్న సంగతి తర్వాత చూసుకోవచ్చు.

సామాను కూడా చూడండి. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ చర్మం ముదురు రంగులో ఉన్నవాళ్లకు ఆక్సిజన్ ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చని 2021లో మందులు, వైద్య పరికరాలను పర్యవేక్షించే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏనే హెచ్చరించింది, కాబట్టి అంకె బాగుంది కదా అని ఆయాసపడుతున్న మనిషి చేత ఇంకో ఆసనం వేయించకండి.

ఇక మనవాళ్ల సంగతి. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం వివక్ష నిషేధ చట్టంలో కులాన్ని చేర్చింది, అమెరికాలో అలా చేసిన మొదటి నగరం అదే. మీ నగరంలో చట్టం లేకపోయినా మీ పాలసీలో "కులం" అనే మాట రాసేయండి. "మీ ఇంటిపేరేంటండీ? ఓహో, గుంటూరా, అక్కడ ఏ వైపు?" అని రిసెప్షన్‌లో నవ్వుతూ అడిగేది దేనికో అడిగినవాళ్లకీ తెలుసు, చెప్పేవాళ్లకీ తెలుసు. ఆ ప్రశ్నలు వద్దని స్టాఫ్‌కి సూటిగా చెప్పండి, ఫిర్యాదు మాత్రం ఓనరు బంధువు కాని మనిషి దగ్గరికి వెళ్లేలా చూడండి.