కుట్లు అవే, మార్కులు మాత్రం వేరు: సర్జరీ స్కిల్ పరీక్షలో తేడా ఎక్కడ వస్తోంది?

మేక పేగు మీద సర్జరీ పీజీ విద్యార్థి వేసిన కుట్లు చూసి ఒక ఎగ్జామినర్ 5కి 4 వేస్తారు. పక్కన కూర్చున్నాయన 2 వేస్తారు. "ఆయన స్ట్రిక్ట్‌లే" అని వదిలేస్తే వచ్చే ఏడాదీ ఇదే గొడవ.

సమస్య: ఇద్దరి మార్కులకు పొంతన ఉండదు

3 అంటే ఏమిటో ఎవరి లెక్క వాళ్లది కావడమే దీనికి ముఖ్య కారణం. సర్జరీలో చేతి నైపుణ్యాన్ని కొలవడానికి టొరంటో సర్జన్లు 1997లో ప్రచురించిన ఓసాట్స్ (OSATS) స్కేల్‌లో 1, 3, 5 మార్కుల దగ్గర ఏం కనిపించాలో మాటల్లో రాసి ఉంటుంది. ఉదాహరణకు టిష్యూను పట్టుకునే తీరు తీసుకుందాం. మాటిమాటికీ అక్కర్లేని బలం వాడితే 1. జాగ్రత్తగానే పట్టుకున్నా అప్పుడప్పుడు పొరపాటున నలిపేస్తే 3. మొదటి నుంచి చివరిదాకా సున్నితంగా ఉంటే 5. ఫారం కాపీ చేసుకునేటప్పుడు ఈ వాక్యాలు ఎగిరిపోయి అంకెలే మిగిలితే ఇక స్కేల్ ఉన్నా లేనట్టే.

పరిష్కారం: పరీక్షకు ముందు మూడు వీడియోలు చూడండి. ఒకటి తడబడే చెయ్యి, ఒకటి మామూలుది, ఒకటి ఆరితేరినది. అందరూ విడివిడిగా మార్కులు రాశాకే కాగితాలు తెరవాలి. రెండు మార్కుల తేడా వచ్చినచోట వీడియో వెనక్కి తిప్పి, ఫోర్సెప్స్ (పట్టుకారు) పేగు అంచును ఎలా పట్టిందో కలిసి చూడండి. ప్రొఫెసర్ గారు చివర మాట్లాడితే మంచిది. ఆయన ముందే నోరు విప్పితే మిగతా అందరి అంకెలూ ఆయనవే అవుతాయి.

సమస్య: మంచి పేరున్న పీజీకి అన్నింట్లోనూ 5

చేతికన్నా ముందు మనిషి కనిపిస్తున్నాడన్నమాట. చేతులు మాత్రమే పడేలా, మాట వినపడకుండా వీడియో తీసి, పేరు బదులు నంబర్ ఇవ్వండి. గైడ్‌గా ఉన్నవాళ్లు ఆ వీడియోకు మార్కులు వేయకూడదు.

సమస్య: ఒక స్టేషన్‌లో ఫస్ట్, ఇంకోదాంట్లో లాస్ట్

స్టేషన్ అంటే పరీక్షలో ఒక్కో పని చేయించే టేబుల్. ఇందులో ఎగ్జామినర్ తప్పేమీ లేకపోవచ్చు. ముడి బాగా వేసేవాడికి ల్యాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల ద్వారా చేసే సర్జరీ) కూడా వచ్చి తీరాలని లేదు. ఒక్క స్టేషన్ చూసి తీర్పు చెప్పడమే తప్పు. ఎగ్జామినర్లు తక్కువగా ఉంటే ఒకే టేబుల్ దగ్గర ఇద్దరిని కూర్చోబెట్టకుండా రెండు స్టేషన్లకు పంచడమే మేలని నా అభిప్రాయం. ఓసాట్స్ తొలి అధ్యయనాల్లోనే ఒకటికి మించి స్టేషన్లు పెట్టారు.

సమస్య: లెక్కలు బాగుంటాయి, గొడవ ఆగదు

"80 శాతం ఏకాభిప్రాయం" అన్న మాటను వెంటనే నమ్మకండి. 20 మంది పరీక్ష రాశారనుకోండి. ఒక్కో ఎగ్జామినర్ ఇద్దరిని ఫెయిల్ చేశారు, కానీ ఒకరు ఫెయిల్ చేసినవాళ్లను రెండోవారు పాస్ చేశారు. 16 మంది విషయంలో ఇద్దరి మాటా ఒకటే కాబట్టి 80 శాతం. కానీ ఇద్దరూ కళ్లు మూసుకుని తలా ఇద్దరిని ఫెయిల్ చేసినా సగటున 82 శాతం కలుస్తుంది! ఇలా గుడ్డిగా కలిసే వాటా తీసేసి ఏకాభిప్రాయాన్ని కొలిచే కప్పా లెక్కిస్తే సున్నా కంటే కిందకు, మైనస్ 0.11కి పోతుంది.

ఎగ్జామినర్ల మార్కులు ఎంత కలుస్తున్నాయో చెప్పే ఐసీసీ (ICC) అనే కొలతలోనూ ఇలాంటి మెలిక ఉంది; అది 1కి ఎంత దగ్గరైతే అంత బాగా కలిసినట్టు. నలుగురి సగటుకు 0.8 వచ్చిందంటే, వాళ్లలో ఒక్కరి మార్కుకు ఉన్న నమ్మకం సుమారు 0.5 మాత్రమే. అసలు పరీక్షలో స్టేషన్‌కు ఒక్కరే కూర్చుంటే, రిపోర్టులో ఆ 0.5నే రాయాలి.