డస్టర్ డీజిల్ టైమింగ్ బెల్ట్: ఎప్పుడు మార్చాలి, అసలు దోషి ఎవరు

ఇంజన్‌లో పిస్టన్లు తిప్పే క్రాంక్‌నీ, వాల్వులు తెరిచే క్యామ్‌నీ ఒకే లెక్కలో కలిపి తిప్పేది టైమింగ్ బెల్ట్. అది ఎప్పుడు మార్చాలని అడిగే ముందు మీ బండిలో ఉన్నది బెల్టో, చైనో చూసుకోండి. పాత స్విఫ్ట్ 1.3 డీజిల్‌లో చైన్. ఆల్టో 800లో బెల్ట్, కె10లో చైన్. పాత ఇన్నోవా 2.5లో బెల్ట్, క్రిస్టా 2.4లో చైన్. పోలో, రాపిడ్ 1.5 డీజిళ్లలో బెల్ట్. ఇక్కడ చెప్పేది రెనో 1.5 డీజిల్ సంగతి, అంటే కె9కె ఇంజన్. డస్టర్, టెరానో, లాడ్జీ, సన్నీ, మైక్రా, లోగన్, వెరిటో డీజిళ్లన్నిటిలో ఇదే ఇంజన్, అన్నిటిలోనూ బెల్టే. బెల్ట్ తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వులను కొట్టే రకం కాబట్టి "తెగినప్పుడు చూద్దాంలే" అనే మాటే లేదు.

రీడింగ్ తక్కువే ఉంది, మార్చాలా?

మార్చాలి. బెల్ట్‌కి రెండు గడువులు ఉంటాయి, కిలోమీటర్లూ ఏళ్లూ, ఏది ముందొస్తే అది. అందరూ మొదటిదే చూస్తారు. డీజిల్ డస్టర్ మన దగ్గర 2012లో వచ్చి, బీఎస్6 పొగ నిబంధనల దెబ్బకి 2020లో ఆగింది. అంటే రోడ్డు మీదున్న వాటిలో అన్నిటికన్నా చిన్నదానికి కూడా ఐదేళ్లు నిండాయి. కంపెనీ బెల్ట్ ఇంకా మార్చని బండి 40 వేలే తిరిగినా దాని రబ్బరు వయసు తగ్గదు. సర్వీస్ బుక్‌లో రాసిన గడువే మొదటి ఆధారం. అది లేకపోతే మన ఎండకీ దుమ్ముకీ 80 వేల కిలోమీటర్లు లేదా ఐదేళ్లు దాటనివ్వొద్దని నా లెక్క. బండి ఎక్కువగా ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని నిలబడేదైతే ఇంకా ముందే మార్చండి. మీటర్ తిరక్కపోయినా ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది కదా.

సెకండ్ హ్యాండ్ బండికి బిల్లు చూపించకపోతే బెల్ట్ మార్చలేదనే లెక్క వేసుకోండి. "మొన్ననే మార్పించాం సార్" అనే మాటకి విలువ లేదు. బిల్లులో బెల్ట్, టెన్షనర్ (బెల్ట్‌ని బిగువుగా ఉంచే రోలర్), వాటర్ పంప్ మూడూ ఉండాలి (వీటినే కలిపి కిట్ అంటారు), తేదీ, రీడింగ్ ఉండాలి. ఇన్నోవా వాళ్లకీ ఒక మాట: డ్యాష్‌బోర్డ్‌లో టీ-బెల్ట్ లైటు వెలగడం లేదంటే బెల్ట్ మార్చారని అర్థం కాదు. బెల్ట్ ముట్టుకోకుండానే ఆ లైటు రీసెట్ చేయొచ్చు.

పై కవరు క్లిప్పులు తీసి, టార్చ్ వేసి చూసి "పగుళ్లు లేవు, బాగుంది" అనేది ఇంకో అలవాటు. ఇప్పటి బెల్టులు పగుళ్లు చూపించకుండానే పళ్లు మొదలంటా ఊడగొట్టుకుంటాయి. కంటికి బాగున్న బెల్ట్ మంచిదన్న గ్యారంటీ లేదు. పాడైనట్టు కనిపిస్తే మాత్రం బండి ఆ రోజే ఆపాలి.

పొద్దున్నే కిచకిచ, వేడెక్కితే తగ్గుతుంది

శబ్దం కుడి చక్రం వైపు నుంచి వస్తే టైమింగ్ అని భయపెట్టి కిట్ అమ్మేస్తారు. ముందు రెండు రూపాయల ఖర్చు లేని పరీక్ష చేయండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఫ్యాన్ బెల్ట్ (ఆల్టర్నేటర్, ఏసీ తిప్పేది) తీసేసి ఇంజన్ స్టార్ట్ చేసి అర నిమిషం వినండి. ఈ ఇంజన్‌లో వాటర్ పంప్‌ని తిప్పేది టైమింగ్ బెల్టే కాబట్టి ఆ కాసేపటికి ఏమీ కాదు, బ్యాటరీ ఛార్జింగ్ లైటు వెలుగుతుందంతే. శబ్దం పోయిందా, దోషం ఆల్టర్నేటర్ పుల్లీలోనో, ఏసీ కంప్రెసర్ బేరింగ్‌లోనో, ఫ్యాన్ బెల్ట్ టెన్షనర్‌లోనో ఉంది. అలాగే ఉందా, టైమింగ్ టెన్షనర్ లేదా వాటర్ పంప్ బేరింగ్. ఆ రెండో కేసులో బండి నడపకుండా కిట్ వేయించండి.

కవరు కింద తడి

ఎండిన కూలెంట్ చార కవరు అంచున కనిపించి, ట్యాంకులో లెవెల్ నెమ్మదిగా తగ్గుతుంటే వాటర్ పంప్ సీల్ పోయింది. పంప్ ఒక్కటీ మారిస్తే తడిసిన బెల్ట్ మిగిలిపోతుంది, రెండూ మార్చాలి. జిడ్డుగా నల్లగా ఉంటే క్యామ్ సీలో, క్రాంక్ సీలో లీక్. డీజిల్ వాసన వస్తే హైప్రెజర్ పంప్ (ఇంజెక్టర్లకి డీజిల్ తోసేది, ఇదీ టైమింగ్ బెల్ట్ మీదే తిరుగుతుంది) చూడండి. ఆయిల్ అయినా డీజిల్ అయినా రబ్బరుని మెత్తబరుస్తుంది. తుడిచేసి పాత బెల్ట్ బిగించడం పని కాదు.

కొత్త బెల్ట్ వేసి ఏడాది కాలేదు, టైమింగ్ జంప్ అయింది

ఇదీ అసలు సంగతి. జంప్ అంటే బెల్ట్ పన్ను దాటి క్రాంక్, క్యామ్ లెక్క తప్పడం. ఈ కేసు వస్తే మెకానిక్ "డూప్లికేట్ బెల్ట్" అంటాడు, ఓనరు "మీరు సరిగ్గా బిగించలేదు" అంటాడు. గొడవ అవుతుంది. చాలాసార్లు ఇద్దరూ తప్పే. బెల్ట్ అసలైనదే, బిగింపూ సరిగానే ఉంటుంది. దాన్ని చంపింది బయట ఉన్న ఫ్యాన్ బెల్ట్.

ఎలాగంటే, ఫ్యాన్ బెల్ట్ తిరిగేది క్రాంక్ పుల్లీ మీద. ఆ పుల్లీ వెనకాలే కింది టైమింగ్ కవరు, దాని లోపల క్రాంక్ మీద టైమింగ్ బెల్ట్ తిరిగే చిన్న పళ్ల చక్రం. కవరుకీ పుల్లీకీ మధ్య కొంచెం ఖాళీ ఉంటుంది. ఫ్యాన్ బెల్ట్ పాతబడితే ఒకేసారి తెగదు. ముందు అంచు గాడి ఒకటి దారంలా పీలికై ఊడుతుంది. ఆ పీలిక పుల్లీ చుట్టూ చుట్టుకుని, ఆ ఖాళీలోంచి లోపలికి జారి, పళ్ల చక్రానికీ టైమింగ్ బెల్ట్‌కీ మధ్య దూరుతుంది. అక్కడ ఇరుక్కున్న కాస్త పీలిక చాలు, బెల్ట్ పైకి లేచి ఒక పన్ను దాటేస్తుంది. ఎక్కువ ఇరుక్కుంటే బెల్ట్ పళ్లే రాలిపోతాయి.

ఒక పన్ను దాటితే బండి స్టార్ట్ అవడానికి మొరాయిస్తుంది, పికప్ పోతుంది, పొగ పెరుగుతుంది, ఇంజన్ లైటు వస్తుంది. స్కానర్ పెడితే క్రాంక్, క్యామ్ పొంతన లేదని పీ0016 చూపించవచ్చు. దాన్ని చూసి సెన్సార్ మార్చి పంపేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి. పై కవరు తీసి టైమింగ్ చూడండి. ఎక్కువ పళ్లు దాటితే వాల్వులు వంగుతాయి, హెడ్డు (వాల్వులుండే ఇంజన్ పైభాగం) దించాలి.

హెడ్డు దించాక కవరు లోపల వెతికితే సాక్ష్యం దొరుకుతుంది. క్రాంక్ చక్రం వెనక నల్లటి దారాలు, రబ్బరు పొడి ఉంటే ఇది ఫ్యాన్ బెల్ట్ పనే. ఈ చెత్త కనిపించకపోతే అప్పుడు బిగింపునీ, కిట్‌నీ అనుమానించండి.

ఫ్యాన్ బెల్ట్ ఎందుకు చిరిగిందో పట్టుకోకపోతే మళ్లీ ఇదే కథ. నాలుగు చోట్ల చూడాలి. ఒకటి, క్రాంక్ పుల్లీ: దాని మధ్యలో రబ్బరు పొర ఉంటుంది, అది ఊడితే బయటి రింగు ఊగుతూ తిరుగుతుంది. ఇంజన్ ఐడిల్‌లో ఉంచి, టార్చ్ వేసి పక్కనుంచి చూస్తే ఊగడం తెలిసిపోతుంది. రెండు, ఆల్టర్నేటర్ పుల్లీ: ఫ్రీవీల్ రకమైతే ఒక వైపు పట్టాలి, ఇంకో వైపు వదులుగా తిరగాలి. రెండు వైపులా పట్టేస్తే అది పోయినట్టే, బెల్ట్ జర్కులు తింటూ ఉంటుంది. మూడు, టెన్షనర్ చేయి బలం, దాని రోలర్ నేరుగా ఉందా లేదా. నాలుగోది అందరూ వదిలేసేది: కుడి ముందు చక్రం లోపలి ప్లాస్టిక్ లైనర్. చిన్న యాక్సిడెంట్ తర్వాతో, క్లిప్పులు పోయాయనో తీసి పడేస్తారు. వానాకాలంలో ఆ చక్రం చిమ్మే బురదా, ఇసుకా నేరుగా ఫ్యాన్ బెల్ట్ మీద పడతాయి. గాడుల్లో ఇసుక చేరితే బెల్ట్ అంచు కోసుకుపోతుంది. క్లిప్పులకయ్యేది కొన్ని పదుల రూపాయలు.

కాబట్టి టైమింగ్ కిట్ వేసిన ప్రతిసారీ ఫ్యాన్ బెల్ట్, దాని టెన్షనర్ కూడా మార్చండి. ఒక కిట్‌కీ ఇంకో కిట్‌కీ మధ్యలో కూడా ఒకసారి విప్పి అంచులు చూడండి. అంచు నుంచి దారం ఒక్కటి వేలాడినా ఆ బెల్ట్ పని అయిపోయినట్టే. ఆ దారం కత్తిరించి నడిపించొద్దు.

నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది

సెల్ఫ్ కొడితే ఇంజన్ మామూలు కన్నా తేలిగ్గా, జర్రున తిరిగిపోతోందంటే కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి ఒత్తిడి) లేదు. ఇంకోసారి సెల్ఫ్ కొట్టొద్దు, తోసి స్టార్ట్ చేయొద్దు, టోయింగ్ పిలవండి. ఇంకో రెండు చుట్లు తిరిగితే బాగున్న వాల్వులు కూడా వంగుతాయి. కొత్త బెల్ట్ వేసి "స్టార్ట్ అవుతుందేమో చూద్దాం" అనే ముందు కంప్రెషన్ కొలవాలి.

మార్చేటప్పుడు

విప్పడం ఎలాగో తెలుసని అనుకుంటున్నాను: కుడి చక్రం, లైనర్, ఇంజన్ కింద జాకీ, కుడి మౌంట్. ఇక్కడ పొరపాట్లు జరిగేవి మూడే. మొదటిది వైట్‌నర్. పాత బెల్ట్ మీదా పుల్లీల మీదా గీతలు పెట్టి, లెక్కపెట్టి కొత్తది వేస్తారు. పాతది అప్పటికే ఒక పన్ను దాటి ఉంటే ఆ తప్పుని కొత్తదాని మీదికి ఎక్కించినట్టే. క్యామ్‌నీ క్రాంక్‌నీ సరైన చోట కదలకుండా పట్టి ఉంచే క్యామ్ పిన్, క్రాంక్ పిన్ పెట్టే చేయాలి. రెండోది క్రాంక్ బోల్ట్. పాతది మళ్లీ వేయకూడదు. కొత్త బోల్ట్‌ని టార్క్ రెంచ్‌తో బిగించి, మాన్యువల్‌లో ఉన్నంత కోణం తిప్పాలి, బోల్టులు బిగించే గన్‌తో కాదు. ఇది సడలితే పుల్లీ ఊగుతుంది, ఫ్యాన్ బెల్ట్ చిరుగుతుంది, మళ్లీ పైన చెప్పిందే. మూడోది టెన్షనర్. ఇంజన్ పూర్తిగా చల్లారాక సూచీ గుర్తుకి తెచ్చి బిగించి, పిన్నులు తీసి, క్రాంక్‌ని పానాతో చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, పిన్నులు మళ్లీ పెట్టి చూడండి. పిన్ను వేలితో నెడితే దూరాలి. దూరకపోతే సెల్ఫ్ జోలికి వెళ్లొద్దు, మళ్లీ మొదలుపెట్టండి. చల్లటి బెల్ట్‌ని ఇష్టమొచ్చినంత బిగిస్తే వేడెక్కాక ఊళ వేస్తుంది, వాటర్ పంప్ బేరింగ్ తినేస్తుంది.

బెల్ట్‌ని మడతపెట్టి జేబులో పెట్టుకుని తెచ్చే కుర్రాళ్లున్నారు, లోపలి తీగలు విరిగిపోతాయి. సీలున్న కిట్ పెట్టె మీ కళ్ల ముందే తెరిపించండి. విప్పిన పాత సామాను చూడకుండా డబ్బులు ఇవ్వొద్దు.

ఎలుక కొరకడం, చిన్న రాయి దూరడం, హైప్రెజర్ పంప్ బిగుసుకుపోయి బెల్ట్‌ని తెంపడం: ఉంటాయి గానీ అరుదు. పైవన్నీ చూశాక కూడా కారణం దొరకకపోతే అప్పుడు వాటి దగ్గరికి రండి.